నలుగురూ కూర్చుని తేల్చుకుంటే

జనం తిండి అలవాట్లు ఎలా మారతాయన్న ప్రశ్నకు ప్రయోగాలతో జవాబు వెతికిన తొలితరం మనస్తత్వ శాస్త్రవేత్తల్లో కుర్ట్ లెవిన్ ముఖ్యులు. 1890లో, అప్పట్లో ప్రష్యాలో ఉన్న మొగిల్నోలో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. ఆ ఊరు ఇప్పుడు పోలండ్‌లో ఉంది. బెర్లిన్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెబుతున్న లెవిన్, 1933లో హిట్లర్ గద్దెనెక్కగానే అమెరికా వెళ్లిపోయారు. వెనక ఉండిపోయిన తల్లి నాజీల మృత్యు శిబిరంలో ప్రాణాలు కోల్పోయింది. కార్నెల్‌లో రెండేళ్లు గడిపి, 1935లో అయోవా విశ్వవిద్యాలయంలోని శిశు సంక్షేమ పరిశోధన కేంద్రంలో చేరారు. మనిషి నడవడికను అతని చుట్టూ ఉన్న మనుషుల నుంచి విడదీసి చూడకూడదన్నది ఆయన పరిశోధనంతటికీ పునాది.

రెండో ప్రపంచ యుద్ధం ఆ పరిశోధనను వంటింట్లోకి తీసుకెళ్లింది. అమెరికా మాంసంలో పెద్ద భాగం సైనికులకూ మిత్రదేశాలకూ తరలిపోయేది. 1943 మార్చిలో మాంసానికి రేషన్ కూడా పెట్టారు. పశువుల గుండెకాయ, మూత్రపిండాలు, స్వీట్‌బ్రెడ్స్ అని పిలిచే గ్రంథుల మాంసం మాత్రం చవకగా దొరికేవి. పోషకాలకూ లోటు లేదు. అయినా మధ్యతరగతి అమెరికన్ ఇల్లాళ్లు వాటిని ముట్టేవారు కాదు. ఆదివారం దుకాణంలో కార్జం, గుండెకాయ, బోటీ అడిగి మరీ కొట్టించుకునే తెలుగువారికి ఇది వింతగా తోచవచ్చు. అయితే తినే వస్తువేదో, ముట్టకూడనిదేదో ప్రతి సమాజమూ తన పిల్లలకు ఊహ తెలియకముందే నేర్పేస్తుంది. అంత లోతున నాటుకున్న దాన్ని ఒక కరపత్రం పెకలించలేదు. ఈ చిక్కు విప్పడానికి జాతీయ పరిశోధన మండలి ఆహారపు అలవాట్లపై ఒక సంఘాన్ని నియమించింది. మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్ దానికి కార్యదర్శి. లెవిన్ ఈ సంఘం కోసమే పనిచేశారు.

తిండి కంచంలోకి ఏ దారిన వస్తుందో ఆయన ముందుగా పరిశీలించారు. శ్వేతజాతీయుల్లో మూడు ఆదాయ వర్గాలు, చెక్ మూలాలవారు, నల్లజాతివారు కలిపి మొత్తం ఐదు బృందాల గృహిణులను ఆయన బృందం ప్రశ్నించింది. తిండి కొన్ని కాలువల గుండా ఇంటికి చేరుతుందని లెవిన్ తేల్చారు. ఒకటి కిరాణా కొట్టు, ఇంకొకటి పెరటి తోట. అక్కడి నుంచి ఐస్‌పెట్టెలోకో సామాన్ల గదిలోకో, తర్వాత పొయ్యి మీదికి, చివరికి బల్ల మీదికి. ప్రతి మలుపులోనూ ఒక ద్వారం ఉంటుంది, దాని దగ్గర ఒకరు కాపలా ఉంటారు. ఆయన ‘గేట్‌కీపర్’ అన్న ఈ మనిషిని తూము దగ్గరి లస్కరుతో పోల్చుకోవచ్చు. నీళ్లు ఎటు పారాలో లస్కరు తూము ఎత్తడం, దించడం మీద ఆధారపడినట్టే, ఇంటిల్లిపాది ఏం తినాలన్నది ఎక్కువగా ఇల్లాలి చేతిలో ఉంటుంది.

ఈ సిద్ధాంతంలో ఒక సూక్ష్మం ఉంది. ఖరీదైన మాంసం ముందు నిలబడిన గృహిణిని ధర వెనక్కి లాగుతుంది. తెగించి కొన్నాక, అదే ధర దిశ మార్చుకుంటుంది. అంత డబ్బు పోసి తెచ్చింది పాడు కాకూడదని జాగ్రత్తగా దాచేలా, వండేలా, అందరూ తినేలా ముందుకు నెడుతుంది. అందుకే లెవిన్ దృష్టి ద్వారం దగ్గర నిలిచింది. కాపలా ఉన్నవారి మనసు మార్చే దారి ఏదన్నది అసలు ప్రశ్న.

దానికోసం చేసిన ప్రయోగం చాలా చిన్నది. ఇంటి దగ్గర రోగుల సేవలో శిక్షణకు రెడ్‌క్రాస్ తరఫున చేరిన మహిళలను ఆరు బృందాలుగా తీసుకున్నారు. ఒక్కో బృందంలో 13 నుంచి 17 మంది. మూడు బృందాలకు ఉపన్యాసం ఇప్పించారు. ఆ ఉపన్యాసంలో లోపం వెతకడం కష్టం. విటమిన్లు, ఖనిజాలు, ఖర్చులో ఆదా, యుద్ధకాలపు బాధ్యత అన్నిటినీ పటాలు పెట్టి వివరించారు. వాసన, రూపం ఇబ్బంది పెట్టకుండా వండే పద్ధతులు చెప్పారు. తన ఇంట్లోవాళ్లు ఇష్టంగా తిన్న వంటకాల సంగతి వక్త చెప్పుకొచ్చింది. వంటల విధానాలు అచ్చువేసి పంచారు.

మిగతా మూడు బృందాలను లెవిన్ సహచరుడు అలెక్స్ బావెలాస్ నడిపించారు. ఆయన బోధించలేదు. ఇలాంటి మాంసం ఇదివరకు ఎవరైనా వండారా అని చేతులెత్తమన్నారు. తర్వాత, మనలాంటి ఇల్లాళ్లు దీన్ని వండాలంటే అడ్డేమిటని చర్చ పెట్టారు. అప్పుడు మాటలు బయటికొచ్చాయి. భర్తకు నచ్చదు. ఉడుకుతుంటే వాసన. ఈ ఇబ్బందులకు మందేమిటో తెలుసుకోవాలన్న ఆసక్తి వాళ్లలో పుట్టాకే పోషకాహార నిపుణురాలు నోరు విప్పింది. ఉపన్యాసంలో పంచిన వంటల విధానాలే ఇక్కడా ఇచ్చారు. చివర్లో, వచ్చే వారంలో వీటిలో ఒకటైనా ఎవరు వండి చూస్తారని అడిగారు. చేతులు లేచాయి.

రెండు పద్ధతులకూ పట్టిన సమయం ఒకటే, 45 నిమిషాలు. తర్వాత వాకబు చేస్తే, అంతకుముందెన్నడూ వండని మాంసాన్ని ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం మందే వండారు. కలిసి నిర్ణయించుకున్న బృందాల్లో వండినవారు 32 శాతం.

ఆరోగ్య ప్రచారాల్లో ఎవరికి వారికి విడివిడిగా చెవిన ఇల్లు కట్టుకుని చెప్పడమే రివాజు. ఉపన్యాసంలో వందమంది ఉన్నా వినేవాళ్లు మానసికంగా ఒంటరులేనని లెవిన్ వివరించారు. పక్కనున్నామె ఏం చేయబోతోందో తెలియదు. తాను ఒక్కతే మారితే పదిమందిలో వేరుపడిపోతానన్న బెరుకు అలాగే ఉంటుంది. పదిమందీ ఒకేచోట తేల్చుకున్నప్పుడు కొలబద్దే జరుగుతుంది. తెలుగులో ‘నలుగురితో నారాయణా’ అనడం గుంపు వెంట పోవడం గురించి. లెవిన్ చూపింది అంతకంటే మేలైనది, ఎటు పోవాలో నలుగురూ కూర్చుని ఎంచుకోవడం.

ఫలితం మాంసంతో ఆగలేదు. అయోవాలోని ఒక ఆసుపత్రిలో తొలి కాన్పై ఇంటికి వెళ్లబోతున్న తల్లులతో మరో ప్రయోగం జరిగింది. శిశువుకు కాడ్‌లివర్ నూనె, నారింజ రసం పట్టించాలని కొందరికి విడివిడిగా, ఒక్కొక్కరికీ 20-25 నిమిషాలు వెచ్చించి చెప్పారు. మిగతావారిని ఆరుగురేసి కూర్చోబెట్టి, దాదాపు అంతే సమయంలో చర్చ, నిర్ణయం ముగించారు. ఒక్కో తల్లికి దక్కిన శ్రద్ధ ఆరో వంతే అయినా, నాలుగు వారాల తర్వాత చూస్తే బృందంలోని తల్లులే ఎక్కువగా పాటించారు.

మాంసం ప్రయోగంలో లోపాలు ఉన్నాయి. మనుషులు తక్కువ. రెండు రకాల బృందాలను నడిపినవారు వేరు. తర్వాత వాకబు చేస్తామని చర్చ బృందాలకు తెలుసు, ఉపన్యాస బృందాలకు తెలియదు. లెవిన్ 1947లో, 56 ఏళ్లకే కన్నుమూశారు. ఆయన కట్టిన మూటను విప్పి చూసింది పరిశోధకురాలు ఈడిత్ బెనెట్ పెల్జ్. 1955లో వెలువడిన ఆమె అధ్యయనం విశ్వవిద్యాలయ విద్యార్థులపై జరిగింది. చర్చ దానంతటదే ఉపన్యాసం కంటే మెరుగు కాదని తేలింది. అందరిముందూ చెయ్యెత్తడమూ కీలకం కాదు. పనిచేసినవి రెండు: నిర్ణయం తీసుకోవడం, తోటివారిలో దాదాపు అందరూ అదే నిర్ణయానికి వచ్చారన్న నమ్మకం.

ఇదే కోవలోని పద్ధతిని ఇటీవలి కాలంలో తల్లీబిడ్డల ఆరోగ్యం కోసం పరీక్షించారు. ఊరి మహిళలు నెలనెలా కూర్చుని, కాన్పు సమయంలో ఎదురయ్యే సమస్యలను తామే గుర్తించి, ఏం చేయాలో తామే తేల్చుకుంటారు. ఏక్‌జుట్ సంస్థతో కలిసి జార్ఖండ్, ఒడిశాల్లో చేసిన పరిశోధన 2010లో వెలువడింది. బృందాలున్న ప్రాంతాల్లో మూడేళ్లలో నవజాత శిశు మరణాలు 32 శాతం తక్కువగా నమోదయ్యాయి. భారత్, నేపాల్, బంగ్లాదేశ్, మలావీల్లో జరిగిన ఏడు ప్రయోగాలను 2013లో కలిపి లెక్కించారు. మొత్తం మీద నవజాత శిశు మరణాల్లో తగ్గుదల 23 శాతం. గర్భిణుల్లో కనీసం 30 శాతం మంది సమావేశాలకు వచ్చిన చోట్ల అది 33 శాతం.