ఫిజియోథెరపీ ఇంటర్న్‌షిప్: ఆరు నెలల లెక్క ఎక్కడా తెగిపోకుండా పూర్తి చేయడం ఎలా?

పెనుగొండ నుంచి మాట్లాడుతున్నాను. కిందటి ఎపిసోడ్‌లో మోకాళ్ల నొప్పుల గురించి చెప్పుకున్నాం. ఆ తర్వాత నాకు వచ్చిన ఫోన్లలో సగం పేషెంట్ల నుంచి కాదండీ, ఫిజియోథెరపీ చదువుతున్న పిల్లల నుంచి, వాళ్ల అమ్మానాన్నల నుంచి. అందరూ అడిగేది ఒకటే. "సార్, ఫైనల్ ఇయర్ అయిపోయింది, ఇంటర్న్‌షిప్ ఆరు నెలలు ఎలాగోలా గడిపేస్తే చాలు కదా?"

ఎలాగోలా గడిపేస్తే చాలదండీ. ఎందుకు చాలదో ఇవాళ చెబుతాను.

మన రాష్ట్రంలో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం కింద బీపీటీ అంటే నాలుగేళ్ల చదువు, ఆపైన ఆరు నెలల తప్పనిసరి ఇంటర్న్‌షిప్. నాలుగేళ్ల పరీక్షలన్నీ పాసైనా ఈ ఆరు నెలలు పూర్తయినట్టు కాగితం రాకపోతే డిగ్రీ పూర్తయినట్టు కాదు. ఎంపీటీకి వెళ్లాలన్నా, ఆసుపత్రిలో ఉద్యోగంలో చేరాలన్నా ముందు అడిగేది ఆ సర్టిఫికెట్టే. ఇంకో మాట. 2021లో కేంద్రం అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషన్ చట్టం తెచ్చింది. ఆ కమిషన్ 2025లో ఇచ్చిన కొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్ ఏడాది అయింది. కాబట్టి ఇప్పుడు మొదటి ఏడాదిలో చేరే పిల్లలు సీనియర్లు చెప్పిన లెక్క పట్టుకోకూడదు. మీ బ్యాచ్‌కి ఏ నిబంధన వర్తిస్తుందో కాలేజీ ఆఫీసులో కాగితం మీద చూసుకోండి.

ఇప్పుడు రోజుల లెక్క. ఆరు నెలలంటే సుమారు 26 వారాలు. వారానికి ఆరు రోజులు వేసుకుంటే 156 రోజులు. వినడానికి చాలా ఎక్కువగా ఉంటుంది. కానీ నెలకి రెండు రోజులు మానేస్తే ఆరు నెలలకి 12 రోజులు, అంటే పని లెక్కన రెండు వారాలు. సంక్రాంతి సంగతి మనకి చెప్పక్కర్లేదు కదా, భోగి నుంచి ముక్కనుమ దాకా గోదావరి జిల్లాల వాడిని ఎవడూ ఇల్లు కదిలించలేడు. అక్కడ నాలుగు రోజులు. చెల్లెలి పెళ్లి, ఊళ్లో జాతర, ఒక జ్వరం. అయిపోయింది, నెల పోయినట్టే. అనుమతించిన సెలవులు దాటితే ఆ రోజులు చివర్లో కలిపి చేయాల్సిందే. ఎన్ని సెలవులు ఉంటాయో మొదటి రోజే అడిగి, లాగ్‌బుక్ మొదటి పేజీలో రాసుకోండి.

ఇక్కడి పిల్లలకి ఇంకో ఇబ్బంది ఉంది. పెనుగొండ నుంచి తణుకు మీదుగానో, రావులపాలెం మీదుగానో రోజూ రాజమండ్రి బస్సెక్కి వెళ్లి వస్తామంటారు. మొదటి నెల బానే ఉంటుంది. మూడో నెలకి ఆలస్యాలు మొదలవుతాయి. ఆలస్యం అంటే చాలా చోట్ల సగం రోజు కోత. అమ్మానాన్నలకి ఒక మాట చెబుతున్నానండి, వీలుంటే ఆ ఆరు నెలలైనా అక్కడే గదిలో ఉంచండి. ఖర్చే, కాదనను. రోజుకి నాలుగు గంటలు బస్సులో పోతే పిల్లాడు కేసు పుస్తకం తెరిచేది ఎప్పుడు?

సరే, చేరకముందు చూసుకోవాల్సినవి. ఇందులో నేను గట్టిగా చెప్పేది హెపటైటిస్-బి టీకా గురించి. ఇది మూడు డోసులు: మొదటిది, నెల తర్వాత రెండోది, ఆరు నెలలకి మూడోది. ఇంటర్న్‌షిప్పే ఆరు నెలలు! చేరిన రోజున మొదటి డోసు వేయించుకుంటే, చివరి డోసు పడేసరికి మీరు ఐసీయూ, సర్జికల్ వార్డు అన్నీ తిరిగేసి బయటికి వచ్చేస్తారు. రక్షణ కావలసిన కాలమంతా సగం టీకాతోనే గడిచిపోయినట్టు. అందుకే మొదటి డోసు ఫైనల్ ఇయర్ మొదట్లోనే వేయించుకోండి. మూడో డోసు అయ్యాక నెల, రెండు నెలల్లో రక్తపరీక్ష చేయిస్తే యాంటీబాడీ స్థాయి తెలుస్తుంది, 10 యూనిట్లు దాటితే రక్షణ వచ్చినట్టు. ఆ రిపోర్టు దాచుకోండి, తర్వాత ఉద్యోగంలోనూ అడుగుతారు.

రెండోది, సీపీఆర్ శిక్షణ. నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతు, 30 నొక్కులకి 2 శ్వాసలు. పుస్తకంలో అందరికీ వచ్చు. బొమ్మ మీద రెండు నిమిషాలు ఆపకుండా చేయమనండి, చెమటలు పట్టేస్తాయి. గుండె ఆపరేషన్ అయిన మనిషిని నడిపించేది మీరే కాబట్టి ఇది నేర్చుకోకుండా వార్డులోకి అడుగు పెట్టొద్దు.

మిగతావి మామూలే: ఫొటోలు, ఆధార్, మార్కుల జాబితాలు, ఏప్రాన్, గోనియోమీటర్, టేపు, రిఫ్లెక్స్ హ్యామర్. ఒక చిన్న విషయం. విశ్వవిద్యాలయం పేరు 2022లో డాక్టర్ వైఎస్సార్ అని మారింది, 2024లో మళ్లీ ఎన్టీఆర్ పేరే వచ్చింది. సీనియర్ దగ్గర ఫార్మాట్ తీసుకుని కాపీ కొట్టేస్తే పాత పేరు మీ సర్టిఫికెట్ నమూనాలోకి వచ్చేస్తుంది. ఆఫీసులో వెనక్కి పంపిస్తారు. చూసుకోండి.

ఇక్కడ చాలామంది అడిగే ప్రశ్న: "మా మామయ్యకి తెలిసిన క్లినిక్ ఉంది సార్, అక్కడ చేసుకుని సంతకం పెట్టించుకోవచ్చా?" కాలేజీ ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకుంటేనే అది ఇంటర్న్‌షిప్. ముందు అనుమతి పత్రం, తర్వాత చేరడం. తిరగేసి చేస్తే ఎన్ని నెలలు చేసినా లెక్కలోకి రాకపోవచ్చు. పైగా ఇది రొటేటరీ ఇంటర్న్‌షిప్, అంటే ఎముకలు కీళ్లు, నరాలు, గుండె ఊపిరితిత్తులు, పిల్లల విభాగం, సమాజంలో పని, ఇలా అన్నీ తిరగాలి. ఒకే క్లినిక్‌లో కూర్చుంటే మెడనొప్పి, నడుంనొప్పి తప్ప మూడోది కనపడదు.

ఇప్పుడు లాగ్‌బుక్. నేను ఎక్కువసేపు మాట్లాడదామనుకున్నది దీని గురించే.

నా దగ్గరికి ఒకమ్మాయి వచ్చింది. ఊరు, కాలేజీ చెప్పను. వాళ్ల నాన్నగారు కౌలు రైతు. ఒక పోస్టింగ్‌లో ఆమెని చూసే సీనియర్ థెరపిస్టు మధ్యలో ఉద్యోగం మానేసి వేరే ఊరు వెళ్లిపోయారు. మూడు వారాల పేజీల మీద సంతకాల్లేవు. ఇంటర్న్‌షిప్ ఆఖర్లో ఆఫీసు వాళ్లు, "ఈ మూడు వారాలు నువ్వు వచ్చావని ఎలా నమ్మాలి?" అన్నారు. ఎంపీటీ దరఖాస్తు గడువు దగ్గరపడింది. నాన్నగారేమో ఫీజు కోసం అప్పటికే అప్పు మాట్లాడి పెట్టుకున్నారు. ఆ పిల్ల ఏడుస్తూ కూర్చుంది.

మేమేం చేశామంటే, ముందు ఆ నెల డ్యూటీ చార్టు నకలు తీసుకున్నాం. హాజరు యంత్రంలో వేలిముద్ర నమోదులు తీయించాం. ఓపీ రిజిస్టరులో పేషెంటు వరస పక్కన ఆమె పొట్టి సంతకం ఉంది, అది కలిసొచ్చింది. మూడూ తేదీల వారీగా ఒక తెల్ల కాగితం మీద పేర్చి, విభాగాధిపతికి అర్జీ పెట్టింది. ఆయన సరిచూసి మూడు వారాలకీ కలిపి ధృవీకరించారు. గడువుకి రెండు రోజుల ముందు పని అయింది. ఆమె అదృష్టం ఏమిటంటే రిజిస్టరులో పొట్టి సంతకం పెట్టే అలవాటు ఉండడం. అందరికీ ఉండదు.

కాబట్టి సంతకం శనివారం శనివారం పెట్టించుకోండి. నెలాఖరు దాకా ఆగొద్దు. పోస్టింగ్ మారే రోజున ఆ విభాగం పేజీలు పూర్తయ్యాకే బయటికి రండి. ప్రతి శనివారం సాయంత్రం పేజీల ఫొటో తీసి పెట్టుకోండి, వానాకాలంలో బ్యాగు తడిసి పుస్తకం ముద్దయిన వాళ్లని చూశాను. ఆ పేజీల్లో పేషెంటు పేరు మాత్రం ఉండకూడదు. వయసు, ఆడా మగా, ఓపీ నంబరు చాలు. వ్యాయామం చేయిస్తూ వీడియో తీసి స్టేటస్‌లో పెట్టడం అసలు కుదరదు, "ఆవిడే సరే అంది సార్" అన్నా సరే.

లోపల ఏం రాయాలి? నేను చూసే పుస్తకాల్లో పదికి ఎనిమిదిట్లో ఇలా ఉంటుంది: "మోకాలి నొప్పి. హీట్ ఇచ్చాము. వ్యాయామాలు చెప్పాము." ఇది చదివితే నాకేం తెలిసింది? ఏ మోకాలు? ఎంత నొప్పి? తగ్గిందా?

ఇలా రాయండి. 60 ఏళ్లావిడ, ఊడ్పు పనికి వెళ్తారు. కుడి మోకాలు, నొప్పి 10కి 7, మెట్లు దిగేటప్పుడు ఎక్కువ. మోకాలు వంపు 95 డిగ్రీలు. తొడ ముందు కండరం బలం 5కి 3. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోవడానికి 16 సెకన్లు. రెండు వారాల తర్వాత నొప్పి 4, వంపు 110, సమయం 12. చూశారా, నాలుగు అంకెలు పెడితే ఆ మనిషి కళ్ల ముందుకి వచ్చింది. ఆ లేచి నడిచే పరీక్షకి 12 సెకన్లు, ఆపైన పడితే పడిపోయే ప్రమాదం ఉందని లెక్క. అంటే ఈవిడ ఇంకా గీత మీదే ఉంది, చికిత్స ఆపకూడదు. ఆ సంగతి మీకు చెప్పింది మీరు రాసుకున్న అంకే.

పక్షవాతం కేసైతే బెర్గ్ బ్యాలెన్స్ స్కేలు వేయండి, 14 అంశాలు, మొత్తం 56 మార్కులు. ఊపిరితిత్తుల కేసైతే ఆరు నిమిషాల నడక, దానికి 30 మీటర్ల వరండా కావాలి. వరండా పొట్టిగా ఉంటే ఎంత పొడవు వాడారో రాయండి, లేకపోతే తర్వాతి వారం వేరే చోట చేసిన నడకతో పోల్చలేం.

నేను వైవాలో కూర్చుంటే ఇంటర్న్‌ని అడిగే ప్రశ్న ఇంకోటుంది. "ఆవిడ ఇల్లు ఎలా ఉంటుంది?" చాలామంది బిత్తరపోతారు. ఆ ప్రశ్నలోనే ఉంది మన పనంతా. దాళ్వా ఊడ్పులు మొదలయ్యే రోజుల్లో కూలికి వెళ్లే ఆవిడకి "వంగొద్దమ్మా, కింద కూర్చోవద్దమ్మా" అని చెప్పి పంపిస్తే ఏం లాభం? ఆవిడ నవ్వుకుని వెళ్లిపోతుంది. వంగకుండా నాటు వేయడం ఎలాగో మీరు చెప్పగలరా? చెప్పలేరు. కానీ గంటకోసారి గట్టు మీదకొచ్చి రెండు నిమిషాలు నడుం వెనక్కి వంచమని చెప్పొచ్చు. మరుగుదొడ్డిలో పట్టుకోవడానికి గోడకి పైపు బిగించమని కొడుక్కి చెప్పొచ్చు. పొద్దున్నే మంచం అంచున కూర్చుని కాలు చాపి పది లెక్కపెట్టమనొచ్చు. కొబ్బరి దింపు పనివాడికి భుజం నొప్పి వస్తే, ఎన్నాళ్లకి చెట్టెక్కొచ్చో తేదీ చెప్పాలి. "రెస్ట్ తీసుకో" అంటే ఆ ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుంది? సమాజ పోస్టింగ్‌లో ఇవి నేర్చుకోకపోతే ఇంకెక్కడా నేర్పరండీ.

జాగ్రత్తలు కొన్ని చెప్పేస్తాను. ఇంటర్న్ అంటే పర్యవేక్షణలో పని చేసే మనిషి. డాక్టరు రాసింది మీ అంతట మీరు మార్చొద్దు. ఆపరేషన్ అయిన మనిషికి పిక్క వాచి నొప్పి పెడుతుంటే రుద్దొద్దు, నడిపించొద్దు, వెంటనే పైవాళ్లకి చెప్పండి, లోపల రక్తం గడ్డ కట్టి ఉండొచ్చు. గుండెలో నొప్పి, కళ్లు తిరగడం, ఉన్నట్టుండి ఆయాసం, ఏదైనా సరే వ్యాయామం ఆపేయాలి. మగపిల్లలు ఆడవాళ్లకి చికిత్స చేసేటప్పుడు అడిగి, పక్కన ఇంకో ఆడమనిషి ఉండేలా చూసుకోవాలి.

చివరగా మా ఊరి డిగ్రీ పిల్లల గురించి. ఎస్వీకేపీ కాలేజీ పిల్లలు కూడా "మాకూ ఇంటర్న్‌షిప్ ఉంది కదండీ, ఆసుపత్రిలో చేయొచ్చా?" అని అడుగుతున్నారు. అది వేరే లెక్క. 2020-21లో చేరిన బ్యాచ్ నుంచి ఉన్నత విద్యామండలి పెట్టిన పద్ధతిలో మొత్తం పది నెలలు: మొదటి ఏడాది తర్వాత రెండు నెలల సమాజ సేవా ప్రాజెక్టు, రెండో ఏడాది తర్వాత రెండు నెలలు, చివర్లో ఒక సెమిస్టర్ మొత్తం. రెండు నెలల వాటికి 180 గంటలు చూపించాలి. ఆరోగ్యం అంశంగా సమాజ సేవా ప్రాజెక్టు చక్కగా చేయొచ్చు, ఒక వీధి తీసుకుని బీపీ, షుగరు, నడుంనొప్పి సర్వే చేస్తే బోలెడు సమాచారం. చికిత్స మాత్రం చేయకూడదు, వ్యాయామాలు నేర్పకూడదు. గంటల లెక్క, వారం వారం సంతకం విషయంలో ఇందాక చెప్పిందే మీకూ.

లాగ్‌బుక్ పేజీ నమూనా ఒకటి ఖాళీ గళ్లతో తయారు చేశాను, వచ్చే ఎపిసోడ్‌లో తెర మీద చూపిస్తాను. పక్కన పెన్ను, స్కేలు పెట్టుకుని కూర్చోండి, మీ పుస్తకంలో గీసుకోవచ్చు. ఉంటానండి.