ఫైళ్లను వేరుచేయు ఆజ్ఞ

వికారాబాదు జంక్షనులో రైలుదారి రెండుగా చీలును. ఒకటి తాండూరు మీదుగా వాడికి, రెండవది బీదరు మీదుగా పర్లికి పోవును. పూర్వము గూడ్సు పెట్టెలను వాని కంటించిన చీటిని చూచి ఆయా దారులకు పంపెడివారు. లోన కందులున్నవో నాపరాళ్లున్నవో విప్పి చూచెడివారు కారు.

కంప్యూటరులో ఫైళ్లను ఫోల్డరులకు పంచు ఆజ్ఞయు నట్టిదే. తెరపై ఒక్క పంక్తి వ్రాసినచో, పేరు చివర ‘పీడీఎఫ్’ అని యున్న పత్రములు ఒకచోటికి, ‘జేపీజీ’ అని యున్న ఛాయాచిత్రములు వేరొకచోటికి క్షణములో చేరును. 1971 నాటి యూనిక్సులోనే ‘ఎంవీ’ యను ఇట్టి ఆజ్ఞ గలదు.

అయితే వీడు పేరే కాని సరకు నెరుగని పనివాడు. మా రెండు గ్రామముల పహాణీలను స్కాను చేయించి, నేను ఒకే ఫోల్డరునకు పంపితిని. రెంటిలోను ‘స్కాన్ 1’ అను పేరుండెను. రెండవది వచ్చి మొదటిదానిని తుడిచివేసెను. అసలు కాగితమా, అంతకుమున్నే చెదలపాలు! నకలుకొరకు కచేరి చుట్టు తిరిగితిని. ఆజ్ఞ ప్రక్కన చిన్న గీటును, ‘ఐ’ యను అక్షరమును చేర్చియున్నచో, తుడుచుటకు ముందు యంత్రము నన్నడిగియుండెడిది.

జిల్లా పేరును నమ్మి పంచుటయు ప్రమాదమే. తాండూరు 1956 వరకు గుల్బర్గా జిల్లాలోనిది, 1978 నుండి రంగారెడ్డిలోనిది, 2016 నుండి వికారాబాదులోనిది. ఒకే పొలము కాగితములు పలు ఫోల్డరుల పాలగును. మీ మనుమలచేత ముందుగా వేరొకచోట నకళ్లు తీయించి, ప్రతి ఫైలు పేరునను గ్రామమును, సర్వే నంబరును, సంవత్సరమును వ్రాయింపుడు. ఆ పిమ్మటనే ఆజ్ఞ.