బండి మీద పాట సరే, చెవి మాత్రం రోడ్డుకే ఉండాలె

"అన్నా, బండికి సౌండు పెట్టియ్యాలె. ఎన్ని వాట్లది మంచిగుంటది?" మా దుకాణానికి వచ్చెటోళ్లల్ల పదికి తొమ్మిది మంది మొదలు అడిగే మాట గిదే. జనగామల ఇరవై ఏండ్ల సంది బండ్ల వైరింగు, మైకుసెట్ల పని చేస్తున్న. వాట్ల ముచ్చట తర్వాత, ముందుగాల ఇంకో ప్రశ్నకు జవాబు కావాలె. ఆ సౌండు ఎవరు వినాలె? బండి నడిపెటోడా, ఎనక కూసున్నోళ్లా, బజార్ల జనమా? పాట కోసమా, దారి చెప్పే ఫోను కోసమా, ఉల్లిగడ్డలు అమ్మెతందుకా? ఇది తేలితే సగం పైసలు మిగులుతయి. ఒక్కోసారి పానం గూడ మిగుల్తది.

పానం అన్నది ఉత్తగ అన్న మాట కాదు. కారుల కూసున్నోనికి చుట్టూ ఇనుప డబ్బా ఉంటది. బండి మీద కూసున్నోనికి కండ్లు, చెవులే కాపలా. అద్దాలు చిన్నయి, వాటిల్ల సగం మన భుజమే కనబడ్తది. ఎనక నుంచి లారీ దగ్గరికొస్తున్నదా, పక్కపొంటి బస్సు ఒత్తుకొస్తున్నదా, అంబులెన్సు ఎటు దిక్కు నుంచి వస్తున్నదన్నది మొదలు చెవికే తెలుస్తది. చెయిను వదులైనా, టైరుల గాలి తగ్గినా, ఇంజన్ల తేడా వచ్చినా చప్పుడే చెప్తది. కాబట్టి బండికి సౌండు ఎంచుకునుడంటే చెవిల ఎంత భాగం పాటకు ఇచ్చి, ఎంత భాగం రోడ్డుకు ఉంచాలన్న లెక్క.

ఈ లెక్కల మొదటి శత్రువు గాలి. హెల్మెట్ పెట్టుకున్నంక గూడ 60 కిలోమీటర్ల వేగంల చెవి కాడ గాలి చప్పుడు సుమారు 90 డెసిబెల్స్ ఉంటది. వేగం 100కు పోతే అది 100 డెసిబెల్స్ దగ్గరికి పోతది. హెల్మెట్‌ను బట్టి, ముంగట అద్దం ఉందా లేదా అన్నదాన్ని బట్టి కొంచెం అటు ఇటు. కార్మికుల ఆరోగ్యం చూసే అమెరికా సంస్థ నియోష్ పెట్టిన హద్దు ఏందంటే, 85 డెసిబెల్స్ చప్పుడుల రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆ మీద 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా టైం సగమైతది. 88కి 4 గంటలు, 91కి 2 గంటలు, 94కు గంట, 100కు పావుగంటే. అంటే హైవే మీద జోరుగ పోయెటోని చెవులకు పాట లేకున్నా దెబ్బనే. ఆ గాలి మీది నుంచి పాట వినాలంటే ఇంకా పెంచాలె. మనం పెంచేది పాటను, దెబ్బ తినేది చెవి నరం. అది ఒక్కసారి చెడిపోతే మళ్ల రాదు, మందు లేదు.

ఇగ రకాల దగ్గరికొద్దాం. మొదటిది హ్యాండిలుకో, డూముకో బిగించే స్పీకర్లు. ఊర్ల 30, 40 వేగంల మంచిగనే వినబడ్తయి. 60 దాటితే గాలి మింగుతది. అప్పుడు అందరూ చేసే పని వాట్లు పెంచుడు. కని చప్పుడు లెక్క వేరే ఉంటది. 10 డెసిబెల్స్ పెంచాలంటే పది రెట్ల కరెంటు కావాలె, చెవికి అది రెండింతలు పెరిగినట్టే అనిపిస్తది. 10 వాట్లది చాలలేదని 20 వాట్లది పెడితే పెరిగేది 3 డెసిబెల్సే, తేడా సరిగ తెల్వది గూడ. గందుకే హైవే మీద తిరిగెటోళ్లకు బయటి స్పీకర్లు పెట్టియ్యమంటే నేను వద్దనే చెప్త. మనకు వినబడక, పక్కోళ్లకు లొల్లి అయి, ఎవ్వరికీ ఫాయిదా లేదు.

అట్టపెట్టె మీద రాసిన వాట్లు నమ్మొద్దు. "1000 వాట్స్ పీఎంపీవో" అని రాస్తరు. అది ఒక్క క్షణంల కాగితం మీద వచ్చే లెక్క. చూడాల్సింది ఆర్‌ఎంఎస్. అది గూడ రాయకుంటే సులువైన లెక్కొకటి ఉంది. ఆ సెట్టు 12 వోల్టుల మీద ఎన్ని ఆంపియర్లు గుంజుతదో, ఎంత ఫ్యూజు పెట్టిండ్రో చూడాలె. 12 వోల్టులు, 3 ఆంపియర్లు అంటే లోపలికి పోయేదే 36 వాట్లు. అందులకెల్లి 1000 వాట్లు ఎట్లొస్తయి?

రెండోది చెవుల పెట్టుకునే ఇయర్‌ఫోన్లు, బడ్స్. అగ్గువ, అందరి దగ్గర ఉంటయి. బండికి మాత్రం ఇవే అన్నిటికంటే చెడ్డయి. రబ్బరు మొన చెవి రంధ్రాన్ని మూసేస్తది. ఖరీదైన వాటిల్ల బయటి చప్పుడును చంపే నాయిస్ క్యాన్సిలింగ్ గూడ ఉంటది. బస్సుల కూసున్నోనికి అది సుఖం, బండి నడిపెటోనికి అది కండ్లకు గంతలు కట్టుకున్నట్టు. "ఒక్క చెవుల పెట్టుకుంటే ఏం కాదు" అనెటోళ్లు మస్తుమంది. చప్పుడు ఏ దిక్కు నుంచి వస్తున్నదో మెదడు రెండు చెవుల మధ్య తేడాతోని పోల్చుకుంటది. ఒక చెవి మూస్తే హారను వినబడ్తది గని, ఎడమ దిక్కా కుడి దిక్కా అన్నది సరిగ తెల్వది. పక్కకు జరగాల్సింది ఎటో తెల్వనప్పుడు విని ఏం లాభం?

మూడోది హెల్మెట్ లోపల బిగించే స్పీకర్లు. చెవి రంధ్రం తెరిచే ఉంటది, స్పీకరు చెవికి దగ్గర్ల ఉంటది కాబట్టి తక్కువ సౌండు సరిపోతది. బ్లూటూత్ తోని ఫోనుకు కలుస్తది. సాదా రకం వెయ్యి, రెండు వేలల్ల దొరుకుతది. కార్డో, సేనా అసొంటి కంపెనీల ఇంటర్‌కామ్‌లు ఇంకా చాన పిరం. నలుగురు కలిసి దూరం పోయెటోళ్లకు, బండి నుంచి బండికి మాట్లాడుకునెతందుకు అవి పనికొస్తయి. రోజూ ఒక్కడే డ్యూటీకి పోయెటోనికి అంత పెట్టుడు అవసరం లేదు.

హెల్మెట్ స్పీకర్ల మూడు సంగతులు చూడాలె. ఒకటి, చెవి కాడ జాగ ఉన్న హెల్మెటే కావాలె. జాగ లేదని లోపలి థర్మాకోల్ కోసెటోళ్లున్నరు. కింద పడ్డప్పుడు దెబ్బను మింగేది ఆ థర్మాకోలే. దాన్ని కోస్తే ఐఎస్ఐ మార్కు, ఐఎస్ 4151 అన్న నంబరు ఉత్త స్టిక్కర్లే అయితయి. రెండు, స్పీకరు మధ్యభాగం సరిగ్గ చెవి రంధ్రానికి ఎదురుంగ రావాలె. కొంచెం కిందికో ఎనకకో పోతే సౌండు సగమైతది. "ఈ సెట్టు దండుగ" అని నా దగ్గరికి తెచ్చిన చాన వాటిల్ల నేను చేసింది స్పీకరును ఏలెడంత జరుపుడే. మూడు, వాన. డబ్బా మీద ఐపీ నంబరు చూడాలె. ఐపీఎక్స్4 అంటే నీళ్ల తుంపర్లకు ఆగుతది. ఐపీ67 అంటే దుమ్ము చొరదు, మీటరు లోతు నీళ్లల్ల అరగంట మునిగినా ఆగుతది. మన శ్రావణమాసం వానలకు ఐపీఎక్స్4 నెట్టుకొస్తది, ఐపీ67 ఉంటే ఫికరే ఉండదు.

బండి బ్యాటరీ మీద నడిచే సెట్టు పెడితే కరెంటు లెక్క చూడాలె. 100 సీసీ బండ్లల్ల బ్యాటరీ 3, 4 ఆంపియర్-అవర్లే ఉంటది. 12 వోల్టులు, 3 ఆంపియర్-అవర్లు కలిస్తే 36 వాట్-గంటలు. నిజంగ 20 వాట్లు గుంజే సెట్టును ఇంజను బందు చేసి పెడితే కాగితం మీద రెండు గంటలన్న రాదు. సెల్ఫ్ స్టార్టు అంతకంటే ముందే సచ్చిపోతది. ఇంజను నడుస్తున్నా, ట్రాఫిక్‌ల మెల్లగ తిరిగేటప్పుడు తయారయ్యే కరెంటు తక్కువ. పైన 2017 ఏప్రిల్ సంది వచ్చిన కొత్త బండ్లకు హెడ్‌లైటు పొద్దంత వెలుగుతనే ఉంటది. గందుకే చిన్న బండికి నిజమైన 10, 20 వాట్లు దాటొద్దు.

వైరింగుల నేను చూసే ఘోరం ఏందంటే, హారను వైరుకో, హెడ్‌లైటు వైరుకో కోత పెట్టి సెట్టును కలుపుడు. సెట్టుల షార్టు అయితే మెయిన్ ఫ్యూజు పోతది, నడిరాత్రి రోడ్డు మీద లైట్లన్నీ బంద్. 2020 ఏప్రిల్ సంది వచ్చిన బీఎస్-6 బండ్లల్ల పెట్రోలు పంపే పంపు, ఇంజనును నడిపే కంప్యూటరు గూడ కరెంటు మీదనే ఉంటయి. ఫ్యూజు పోతే ఉరుకుతున్న బండే ఆగుతది. వారంటీ పోవుడు వేరే. సరైన పద్ధతి సులువే. బ్యాటరీ నుంచి వేరే వైరు గుంజాలె, బ్యాటరీకి జానెడు దూరంల వేరే ఫ్యూజు పెట్టాలె, తాళం తిప్పితేనే కరెంటు వచ్చేటట్టు రిలే పెట్టాలె. 20 వాట్ల సెట్టుకు 3 ఆంపియర్ల ఫ్యూజు చాలు. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని పెద్దది పెట్టొద్దు, వైరు కాలుతది. అది పెట్రోలు ట్యాంకు కింది నుంచే పోతదని యాదికుంచుకోవాలె.

రేడియో వినెటోళ్లు ఇంకా ఉన్నరు, వాళ్లకు రెండు మాటలు. హైదరాబాద్‌ల రెయిన్‌బో 101.9, వివిధ భారతి 102.8 మీద వస్తయి. ఎఫ్‌ఎం అల చూపు మేరనే పోతది కాబట్టి నగరం దాటి దూరం పోయినకొద్ది జరజర మొదలైతది. అది సెట్టు తప్పు కాదు. ఎఫ్‌ఎం అల పొడుగు 3 మీటర్లు, అందుల పావు వంతు 75 సెంటీమీటర్లు. అంత పొడుగు వైరును యాంటెన్నాగ నిలువుగ కడితే మంచిగ గుంజుతది. ఫోన్ల రేడియోకు వైరున్న ఇయర్‌ఫోనే యాంటెన్నా, బ్లూటూత్ ఒక్కటే ఉంటే అది పట్టదు. యాక్సిలేటరు తిప్పినకొద్ది "టకటక, కుయ్" అని చప్పుడు పెరిగితే అది స్పార్కు ప్లగ్గు పని. ప్లగ్గు నంబరుల "ఆర్" అక్షరం ఉన్నదా చూడాలె. అంటే లోపల రెసిస్టర్ ఉన్నట్టు, రొద తగ్గుతది.

ఇప్పటిదాక చెప్పింది ఇష్టం కొద్ది పెట్టుకునెటోళ్ల ముచ్చట. బతుకుదెరువు కోసం సౌండు పెట్టుకునెటోళ్లు వేరే ఉన్నరు. టీవీఎస్ ఎక్స్‌ఎల్ మీద ఉల్లిగడ్డలు, చాపలు, ప్లాస్టిక్ సామాను అమ్మెటోళ్లకు డబ్బా స్పీకర్లు దండుగ. వాళ్లకు పొంగ మైకే సరైనది. అదే కరెంటుకు అది డబ్బా స్పీకరు కంటే పది రెట్లకు పైన పని చేస్తది. పాట బాగ రాదు గని మనిషి మాట దూరం పోతది. 10, 15 వాట్లు మస్తు. మైకును ముంగటికి, కొంచెం కిందికి తిప్పితే నడిపెటోని చెవులు బతుకుతయి. కనీసం ఎనకకు తిప్పి తన నెత్తి పక్కన పెట్టుకోవద్దు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం లౌడ్‌స్పీకరుకు రాతపూర్వక అనుమతి ఉండాలె. రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక బందు. దవాఖానలు, బడులు, కోర్టుల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద జోన్. గరీబోని మైకు మీద కేసు పెట్టుడు సులువు, పెండ్లి డీజే మీద పెట్టుడు కష్టం. ఆ అన్యాయం ఉన్నమాట నిజమే, కని బడి ముంగట మైకు బందు చేసుడు మన పిల్లల కోసమే.

ఇంకొకలు సామాను, తిండి ఇండ్లకు తెచ్చిచ్చే పిల్లలు. వాళ్లకు చెవుల మోగేది పాట కాదు, పని. ఎడమకు తిరుగు, కొత్త ఆర్డరు వచ్చింది, కస్టమరు ఫోను చేస్తున్నడు. ఎత్తకుంటే ఆర్డరు పోతది, ఎత్తితే బండి మీద చెయ్యి వదలాలె. మోటారు వాహనాల చట్టం 184 సెక్షన్ కింద చేతుల ఫోను పట్టుకొని నడిపితే మొదటిసారికి వెయ్యి నుంచి 5 వేల దాక జుర్మానా, ఆరు నెలల నుంచి ఏడాది దాక జైలు, లేకుంటే రెండూ. ఆ జుర్మానా పిల్లగాడే కట్టాలె, ఫోను మోగించిన యాప్ కట్టదు. నా లెక్కల వీళ్లకు హెల్మెట్ స్పీకరు షోకు కాదు, పనిముట్టు. కూలోనికి గడ్డపార ఎట్లనో ఇది గట్ల. గడ్డపార మేస్త్రీ ఇస్తడు, ఇది కంపెనీ ఇయ్యాలె. బండి కదులుతున్నంతసేపు దారి మాట తప్ప ఇంకో మాట చెవుల పడకుండ, ఆర్డర్లు ఆగినంకనే మోగేటట్టు యాప్‌ను చేసుడు వాళ్లకు పెద్ద పని కాదు. బండి కదులుతున్నదో ఆగిందో ఆ ఫోనుకు తెలుసు.

మొత్తం మీద నేను చెప్పేది గింతే. ఊర్ల తిరిగెటోనికి చిన్న డబ్బా స్పీకరు, దూరం పోయెటోనికి హెల్మెట్ స్పీకరు, అమ్ముకునెటోనికి పొంగ మైకు, చెవుల దూర్చేది మాత్రం ఎవ్వరికీ వద్దు. ఏది పెట్టినా సౌండు ఎంత ఉండాలన్నదానికి మీటరు అక్కర్లేదు. పాట నడుస్తుండంగ పక్క బండి ఇంజను చప్పుడు, ఎనక హారను తేటగ వినబడాలె. వినబడకుంటే ఎంత మంచి పాటైనా తగ్గించుడే.