"నమ్ముతున్నాను" అని నోటితో చెప్పలేని వాళ్ళకి రక్షణ ఉంటుందా?

ఈ ఎపిసోడ్ బాన్సువాడలో మా ఇంటి నుంచే రికార్డ్ చేస్తున్నా. మధ్యలో ట్రాక్టర్ సౌండ్ వస్తే కొంచెం అడ్జస్ట్ అవ్వండి.

ఈ రోజు టాపిక్ నేను ఎంచుకున్నది కాదు. మా వీధిలో ఒక పెద్దమ్మ అడిగిన ప్రశ్న. ఆమె కొడుక్కి ఇరవై దాటాయి. పుట్టుకతోనే మేధో వైకల్యం. మాటలు నాలుగైదు మించి రావు. కానీ ఆదివారం తెల్లారితే చాలు, చొక్కా తనే తెచ్చి ఇస్తాడు. పాట మొదలైతే అందరికంటే ముందు చప్పట్లు కొడతాడు.

నెలకోసారి వాళ్ళ సంఘంలో ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె పళ్ళెం వరసలో వస్తుంది. వాడు చెయ్యి చాపుతాడు. పళ్ళెం వాడిని దాటి పక్కవాళ్ళ దగ్గరికి పోతుంది. ఎందుకంటే వాడికి బాప్తిస్మం కాలేదు. బాప్తిస్మం ఎందుకు కాలేదంటే, వాడు సాక్ష్యం చెప్పలేడు. రూల్ ప్రకారం కరెక్టే. కానీ ఆ తల్లి నన్ను అడిగింది: "బిడ్డా, ఈడికి ఈడ బల్ల లేదంటే, రేపు పరలోకంల కూడ జాగ లేనట్టేనా?"

నేను పాస్టర్‌ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేసి, ఇప్పుడు మీ ముందు వీడియోలు చేస్తున్నవాడిని. అందుకే ఆ రోజు జవాబు చెప్పకుండా, "చదివి చెప్తా పెద్దమ్మా" అన్నా. చదివిందే ఇప్పుడు మీతో పంచుకుంటున్నా.

అసలు ప్రశ్న ఎక్కడ పుట్టింది?

ముందు ఒక క్లారిటీ. మేధో వైకల్యం వేరు, మానసిక జబ్బు వేరు. మేధో వైకల్యం అంటే నేర్చుకోవడం, అర్థం చేసుకోవడం, రోజువారీ పనులు చేసుకోవడం చిన్నప్పటి నుంచే కష్టంగా ఉండటం. ఇది దయ్యం కూడా కాదు. మత్తయి 4:24 చూడండి. యేసు దగ్గరికి తెచ్చినవాళ్ళ లిస్టులో దయ్యం పట్టినవాళ్ళని, రోగులని సువార్తే విడివిడిగా చెప్తుంది. కాబట్టి ఇలాంటి పిల్లల్ని చూడగానే "విడుదల ప్రార్థన" అని తల మీద చేతులు పెట్టి ఊపేయడం ఆపాలి.

ఇప్పుడు ప్రశ్న. రోమా 10వ అధ్యాయం ప్రకారం నోటితో ఒప్పుకోవాలి, హృదయంలో విశ్వసించాలి, ఆ విశ్వాసం వినడం వల్ల కలుగుతుంది. మరి విన్నది అర్థం కాని మనిషి సంగతి? నోటితో ఒప్పుకోలేని మనిషి సంగతి?

మనలో చాలామందికి రక్షణ అంటే ఒక సైన్ అప్ ఫామ్ లాంటిది. పేరు నింపాలి, టర్మ్స్ చదవాలి, "ఐ అగ్రీ" నొక్కాలి. ఒక్క బాక్స్ ఖాళీగా ఉన్నా ఎర్ర అక్షరాల్లో ఎర్రర్ వస్తుంది. నా పాత జాబ్‌లో ఇలాంటి ఫామ్‌లు ఎన్ని టెస్ట్ చేశానో లెక్కలేదు. ఫామ్ ఎప్పుడూ మనిషిని చూడదు, బాక్స్‌ని చూస్తుంది. దేవుడు కూడా అలాగేనా అన్నదే ఈ ఎపిసోడ్.

సంఘాలు ఏమన్నాయి?

క్రైస్తవులందరిదీ ఒకటే జవాబు కాదు. పెద్దగా మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, పసిబిడ్డలకి బాప్తిస్మం ఇచ్చే సంఘాల దారి. కాథలిక్కులు జ్ఞానస్నానం అంటారు. వాళ్ళ 1983 చర్చి చట్టంలో 852వ నియమం ఉంది. బాప్తిస్మం విషయంలో, తనకు తాను బాధ్యత వహించలేని స్థితిలో ఉన్న మనిషిని, వయసు ఎంతైనా, పసిబిడ్డతో సమానంగా చూడాలని దాని సారాంశం. 13వ శతాబ్దంలో థామస్ అక్వైనాస్ కూడా దాదాపు ఇదే చెప్పాడు: పుట్టుక నుంచి వివేకం లేనివాళ్ళకి సంఘం విశ్వాసం మీద బాప్తిస్మం ఇవ్వాలి. అంటే ఆ మనిషి తరఫున చుట్టూ ఉన్నవాళ్ళ విశ్వాసం నిలబడుతుంది. కేరళలో ఉన్న మలంకర ఆర్థడాక్స్ సంఘం ఇంకో అడుగు ముందుంది. వాళ్ళు పసిబిడ్డలకి బాప్తిస్మంతో పాటు ప్రభు భోజనం కూడా ఇస్తారు. అక్కడ అర్థమైందా లేదా అనే పరీక్షే లేదు.

మనకి దగ్గరి ఉదాహరణ మెదక్. చార్లెస్ వాకర్ పోస్నెట్ కట్టించిన ఆ పెద్ద చర్చి 1924 డిసెంబర్ 25న ప్రతిష్ఠ అయింది. ఆయన మెథడిస్ట్ మిషనరీ. 1947లో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, ఇంకొన్ని సంఘాలు కలిసి సీఎస్ఐ అయ్యాయి. మెథడిస్టుల మూలపురుషుడు జాన్ వెస్లీ ఒక మాట గట్టిగా పట్టుకున్నాడు: మనిషి దేవుడి వైపు తిరగకముందే దేవుడి కృప అతని దగ్గరికి వచ్చేస్తుంది. మొదటి అడుగు మనది కాదు, ఆయనది. సీఎస్ఐలో చిన్నపిల్లలకి బాప్తిస్మం ఉంది కాబట్టి అక్కడ తల్లిదండ్రుల ఇబ్బంది ఇంకో చోట వస్తుంది. అదే కన్ఫర్మేషన్. పది ఆజ్ఞలు, విశ్వాస ప్రమాణం అప్పజెప్పాలి అంటే ఈ పిల్లలు అక్కడ ఆగిపోతారు.

రెండోది, దేవుని ఏర్పాటు గురించి ఎక్కువ మాట్లాడే రిఫార్మ్డ్ సంఘాల దారి. 1646లో ఇంగ్లండ్‌లో తయారైన వెస్ట్‌మినిస్టర్ విశ్వాస ప్రకటన 10వ అధ్యాయం ఈ విషయాన్ని నేరుగా ముట్టుకుంది. దేవుడు ఏర్పరచుకున్నవారిలో వాక్యపు పిలుపుని వినగలిగే శక్తి లేనివాళ్ళని కూడా ఆయన ఆత్మ ద్వారా, తనకి ఇష్టమైన సమయంలో, ఇష్టమైన విధంగా రక్షిస్తాడని అక్కడ ఉంది. బాగుంది. కానీ "ఏర్పరచుకున్నవారు" అంటే అలాంటి వాళ్ళందరూనా, కొందరేనా? దీని మీద ఆ సంఘాల్లోనే నేటికీ వాదన ఉంది.

మూడోది, బాప్టిస్టులు, బ్రదరెన్, పెంతెకోస్తు, మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించే స్వతంత్ర సంఘాల దారి. ఇక్కడ బాప్తిస్మం నమ్మినవాళ్ళకే. అందుకే పసిబిడ్డలకి ఇవ్వరు. మరి పసిబిడ్డ చనిపోతే? వీళ్ళు సాధారణంగా చెప్పే మాట "లెక్క అప్పజెప్పే వయసు". మంచి చెడు తెలిసే వరకు దేవుడు ఆ బిడ్డ మీద నేరం మోపడు అని. మేధో వైకల్యం తీవ్రంగా ఉన్నవాళ్ళు శరీరానికి పెద్దవాళ్ళైనా ఆ వయసుకి చేరలేదు కాబట్టి దేవుడి చేతుల్లో క్షేమం అంటారు.

ఇక్కడే మా పెద్దమ్మ చిక్కుకుంది. వాళ్ళ సంఘం బోధ ప్రకారమే ఆమె కొడుకు క్షేమం. కానీ ఆ మాట ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమెకి కనిపించింది దాటిపోయిన పళ్ళెం ఒక్కటే.

బైబిల్లో ఏముంది, ఏం లేదు?

నిజాయితీగా మాట్లాడుకుందాం. "లెక్క అప్పజెప్పే వయసు" అనే మాట బైబిల్లో ఎక్కడా లేదు. కొన్ని వచనాలు కలిపి చేసిన ఆలోచన అది. ద్వితీయోపదేశకాండము 1:39లో మంచి చెడు ఇంకా ఎరగని పిల్లలే వాగ్దాన దేశంలోకి వెళ్తారని ఉంది. 2 సమూయేలు 12లో బిడ్డ చనిపోయాక, నేనే వాడి దగ్గరికి వెళ్తాను అనే అర్థంలో దావీదు మాట్లాడతాడు. యోనా పుస్తకం చివరలో, కుడి ఎడమలు తెలియని లక్షా ఇరవై వేలకు పైగా మనుషుల మీద నాకు జాలి ఉండదా అని దేవుడే అడుగుతాడు. వాళ్ళు చిన్నపిల్లలని కొందరు, నీనెవె జనమంతా అని కొందరు చెప్తారు. ఏదైనా గానీ, తెలియకపోవడం అక్కడ శిక్షకి కారణం కాలేదు, జాలికి కారణమైంది.

మార్కు 2లో పక్షవాతం ఉన్న మనిషి నోటి నుంచి ముందు ఒక్క మాట కూడా ఉండదు. మోసుకొచ్చినవాళ్ళ విశ్వాసాన్ని చూసి యేసు అతని పాపాలు క్షమిస్తాడు. మార్కు 10లో చిన్నపిల్లలు ఏ ఫామూ నింపలేదు. ఎత్తుకొచ్చారు, ఆయన ఎత్తుకున్నాడు, అంతే. శిష్యులు ఆపబోతే ఆయనకి కోపం వచ్చిందని కూడా ఆ సువార్త రాసింది.

ఇవన్నీ కలిపితే గణితంలో ప్రూఫ్ లాగా వస్తుందా? రాదు. అందుకే కాథలిక్కులు బాప్తిస్మం లేకుండా పోయిన పసిబిడ్డల గురించి 2007లో ఒక పెద్ద అధ్యయనం విడుదల చేసినప్పుడు, తెలుసు అనకుండా ఆశించడానికి బలమైన కారణాలు ఉన్నాయి అన్నారు. నాకు ఆ తీరు నచ్చింది.

రెండో వైపు తప్పు

ఇప్పటిదాకా ఒక వైపు చూశాం. ఇంకో వైపు కూడా ఒక గుంత ఉంది. "వాళ్ళు దేవదూతలు అన్నా, వాళ్ళకి పాపం తెలియదు, డైరెక్ట్ పరలోకమే" అని చెప్పి వదిలేయడం. వినడానికి ప్రేమగా ఉంటుంది. కానీ మేధో వైకల్యం ఉన్నవాళ్ళలో ఎక్కువమందిది తేలికపాటి స్థాయి. వాళ్ళు మాట్లాడతారు, పని నేర్చుకుంటారు, తప్పు చేస్తే సిగ్గుపడతారు, సారీ చెప్తారు. వాళ్ళని పసిబిడ్డ అనేస్తే, వాళ్ళ సొంత విశ్వాసాన్ని మనమే లాక్కున్నట్టు.

5వ శతాబ్దం మొదట్లో అగస్టీన్ ఒక మనిషి గురించి రాశాడు. జనం అతన్ని బుద్ధిలేనివాడు అనేవాళ్ళు. అతన్ని ఎన్ని తిట్టినా ఓర్చుకునేవాడు. కానీ క్రీస్తుని ఒక్క మాట అంటే మాత్రం ఊరుకునేవాడు కాదట. అతను ఏ పరీక్ష పాసయ్యాడు? ప్రేమ అర్థమైంది అతనికి.

మన తెలుగు నేల మీదే ఇంకో సంగతి. 1878 జులై 3న ఒంగోలు దగ్గర జాన్ క్లౌ గారి మిషన్‌లో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళలో చాలామందికి చదవడం రాదు. తమ విశ్వాసాన్ని తమకొచ్చిన మాటల్లో చెప్పుకున్నారు, అది సరిపోయింది. మా పెద్దమ్మ కొడుక్కి వచ్చిన నాలుగైదు మాటల్లో "ఏసయ్య" ఒకటి.

మరి మనం ఏం చేయాలి?

నాకు అర్థమైంది ఇది. ఈ మూడు దారులూ బాప్తిస్మం దగ్గర గొడవపడతాయి. కానీ రక్షణ దేవుడు చేసే పని, మన తెలివికి వచ్చే మార్కులు కాదు అన్న దగ్గర మూడూ కలుస్తాయి. నిజం చెప్పాలంటే త్రిత్వం గురించి నాకెంత అర్థమైంది? మీకెంత అర్థమైంది? దేవుడి ముందు మా పెద్దమ్మ కొడుక్కి, పీహెచ్‌డీ చేసిన పండితుడికి ఉన్న తేడా మనం అనుకున్నంత పెద్దది కాదు.

కాబట్టి పాస్టర్ గార్లకి, పెద్దలకి వినయంగా మూడు మాటలు. ఒకటి, మీ సంఘం నియమం ఏదైనా, ఆ తల్లిదండ్రులకి "మీ బిడ్డ దేవుడి చేతుల్లో ఉన్నాడు" అని నోరు తెరిచి చెప్పండి. మౌనంగా ఉంటే వాళ్ళు చెడ్డ జవాబే అనుకుంటారు. రెండు, బాప్తిస్మం అడిగినవాళ్ళని వాళ్ళకొచ్చిన భాషలో అడగండి. చెయ్యి, నవ్వు, పాట కూడా భాషే. మూడు, బల్ల ఇవ్వలేం అనుకుంటే, ఆ రోజు కనీసం ఆ బిడ్డ దగ్గర ఆగి, తల మీద చెయ్యి వేసి దీవించండి. దాటి వెళ్ళకండి.

తల్లిదండ్రులకి ఒక్క మాట. ప్రార్థనతో పాటు సాయం కూడా తీసుకోండి. 1984 నుంచి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్ఐఈపీఐడీ ఉంది, పని చేసేది ఈ పిల్లల కోసమే. అలాగే యోహాను 9లో, ఎవరి పాపం వల్ల వీడు ఇలా పుట్టాడు అని శిష్యులు అడిగితే, వీడిదీ కాదు, కన్నవాళ్ళదీ కాదు అని యేసు చెప్పాడు. ఆ నింద మీరు మోయకండి.

మొన్న పెద్దమ్మ ఇంటికి వెళ్ళి ఇదంతా చెప్పాను. అంతా విని, "అంటే ఈడు పోతడన్నట్టేనా?" అంది. "నీకంటే ముందే ఏసయ్యకి వాడు తెలుసు పెద్దమ్మా" అన్నా. వాళ్ళ పాస్టర్ గారితో కూడా కలిసి మాట్లాడాం. ఆయన కోప్పడలేదు, పెద్దలతో మాట్లాడి చెప్తా అన్నారు. ఇంకా చెప్పలేదు. వచ్చే నెల మళ్ళీ బల్ల ఉంది. వాడు మళ్ళీ చెయ్యి చాపుతాడు.

మీ సంఘంలో ఇలాంటి కుటుంబం ఉంటే ఈ వీడియో వాళ్ళకి పంపండి. అంతకంటే ముందు, ఈ ఆదివారం వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చోండి.