నగరమధ్యమున సామాన్యునకు నిల్లు

ఇల్లు కట్టుటకు ఇటుకయు, సున్నమును, ఇనుమును, కూలివారి శ్రమయు వలయును. వీనికగు వ్యయము పల్లెకును నగరమధ్యమునకును మిక్కిలి భేదింపదు. అయినను నగరమధ్యమున నొక చిన్న గదికిచ్చు అద్దెతో పల్లెయందు పెద్దయిల్లే దొరకును. దీనికి కారణము గోడలు గావు, గోడల క్రింది నేల. కచేరీలకును అంగళ్లకును చేరువనున్న స్థలమును అందరును గోరుదురు; ఆ స్థలమో పెరుగునది కాదు. కావున ఇల్లు చౌక కావలెనన్నచో ముందుగా నేలవెలను గూర్చి విచారింపవలెను.

ఇందులకు సింగపూరు మంచి నిదర్శనము. అచ్చట 1960వ సంవత్సరమున ప్రభుత్వమువారు గృహనిర్మాణ మండలిని స్థాపించిరి. మరుసటియేట మే 25వ తేదీని బుకిట్ హో స్వీ యను పేటలోని ఆకుకప్పుల కొయ్యయిండ్లు దగ్ధమై, సుమారు 16,000 మంది నిలువనీడ లేనివారైరి. మండలివారు సంవత్సరము లోపలనే వారిలో పెక్కుండ్రకు మేడలలో వసతి కల్పించిరి.

1966లో పుట్టిన భూసేకరణ శాసనముచే ప్రభుత్వమునకు నేల చౌకగా లభించెను. అందువలన భూస్వాములు నష్టపడినమాట నిజము. 2007లో శాసనమును సవరించి, వారికి అంగడివెల నిచ్చు నేర్పాటు చేసిరి. ఆ నేలపై గట్టిన యిండ్లను 99 సంవత్సరముల గడువునకు అమ్ముదురు. నేల మాత్రము ప్రభుత్వమువారిదే. నేడు అచ్చటి నివాసులలో నూటికి 75 మందికి మించి యిట్టి యిండ్లలోనే యున్నారు.

అయినను చిక్కు అంతటితో తీరలేదు. నగరమధ్యమున తంజోంగ్ పగార్ పేటలో 50 అంతస్తుల మేడలు ఏడు కట్టిరి. ఇవి 2009లో పూర్తియయ్యెను. వీనియందు 1,848 ఇండ్లు గలవు. 2004లో తొలివిడత యిండ్ల వెల ఆ దేశపు డాలర్లు అయిదు లక్షలకు లోపుగానే యుండెను. కొన్నవారు నియమితకాలము కాపురముండి తిరిగి అమ్మగా, కొన్ని యిండ్లు పదిలక్షలకు మించి పలికెను. మొదటివానికి చౌకయైన యిల్లు రెండవవానికి అందనిదయ్యెను!

దీనిని గ్రహించి 2021లో నగరమధ్యమున కొత్తగా గట్టు ఇండ్లకు కఠిననియమములు చేసిరి. కొన్నవారు పది సంవత్సరములవరకు అమ్మరాదు. పిమ్మట అమ్మినను, తమకు లభించిన అధిక సహాయమునకై కొంత ధనమును మండలికి మరల చెల్లింపవలెను.

విద్యార్థులారా! పట్టణములో క్రొత్తమేడ లేచుచుండగా జూచినప్పుడు దాని యెత్తును మాత్రమే చూడకుడు. ఈ నేల యెవరిది, నేడిందు కాపురముండు కూలివాని కుమారుడు రేపును ఇందుండగలడా యని విచారింపుడు.