స్టీరింగు వణుకు, బ్రేకు అదురు: పాత కారు ఉన్నవారు తెలుసుకోవలసినవి

హోసూరు పీఠభూమి అంచున ఉన్న నగరం. అక్కడినుండి శూలగిరి మీదుగా కృష్ణగిరికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో కొన్ని వందల మీటర్ల దిగువకు చేరుతుంది. బెంగళూరు వైపు వేగం, కృష్ణగిరి వైపు పల్లం: ఈ రెండూ పాత కారుకు పరీక్షలే. ఉపాధి నిమిత్తం ఇక్కడ స్థిరపడి పాత కారు కొనుక్కొన్న కుటుంబాలు స్టీరింగులో కలిగే వణుకును నిర్లక్ష్యం చేయరాదు. అలాగని కారణం తెలియక భాగాలను ఒక్కొక్కటిగా మార్పించడమూ తగదు. వణుకు ఎప్పుడు, ఎక్కడ కలుగుతున్నదో గమనిస్తే లోపం చాలావరకు బయటపడుతుంది.

బ్రేకు నొక్కకుండానే వణికితే

గంటకు 80 నుండి 100 కిలోమీటర్ల వేగంలో వణుకు మొదలైతే ముందుగా చక్రాల బ్యాలెన్సింగును అనుమానించాలి. రిమ్ముకు అంటించిన చిన్న బరువు ఊడిపోయినా ఈ స్థితి ఏర్పడుతుంది. వణుకు స్టీరింగులో తెలిస్తే ముందు చక్రాలలోను, సీటులో తెలిస్తే వెనుక చక్రాలలోను లోపం ఉండే అవకాశం ఎక్కువ. టైరు ఉబ్బడం, రిమ్ము వంగడం, బేరింగు అరగడం తక్కిన కారణాలు. అలైన్‌మెంటు తప్పినప్పుడు కారు ఒక పక్కకు లాగుతుంది, టైరు ఒక అంచున అరుగుతుంది. కేవలం దానివల్ల వణుకు పుట్టడం అరుదు.

బ్రేకు నొక్కినప్పుడే అదిరితే

స్టీరింగు అదురుతూ, పెడలు కూడా పాదాన్ని లయగా వెనుకకు తోస్తుంటే ముందు డిస్కులను పరీక్షింపజేయాలి. ‘డిస్కు వంగింది’ అనడం పరిపాటి. నిజానికి అది అంతటా ఒకే మందంగా లేకపోవడమే తరచుగా కనబడే కారణం. మిల్లీమీటరులో కొన్ని వందల వంతుల తేడా ఉన్నా అదురు తెలుస్తుంది. హబ్బుపై తుప్పు పేరుకోవడం, చక్రం నట్లను హెచ్చుతగ్గులుగా బిగించడం, క్యాలిపరు పట్టుకుపోవడం ఇందుకు దారితీస్తాయి. అరిగిన బుష్‌లు, బాల్ జాయింట్లు చిన్న అదురును పెద్దది చేస్తాయి. ఏబీఎస్ ఉన్న కారులో గట్టిగా బ్రేకు వేసినప్పుడు మాత్రమే పెడలు కొట్టుకోవడం సహజం.

ప్రయాణం ముగియగానే ప్రతి చక్రానికి దగ్గరగా అరచేయి ఉంచి చూడవచ్చు. లోహాన్ని తాకరాదు. ఒక చక్రం మాత్రమే మిక్కిలి వేడిగా ఉంటే దాని క్యాలిపరు పట్టుకుపోయి ఉండవచ్చు.

మరమ్మతుశాలలో

తమిళం రాకపోయినా మూడు సంగతులు చెబితే చాలు: ఏ వేగంలో, బ్రేకు నొక్కితేనా నొక్కకుండానా, స్టీరింగులోనా సీటులోనా పెడలులోనా. డిస్కు మార్చకముందే దాని మందాన్ని, ఊగిసలాటను కొలవమని కోరాలి. కనీస మందం సాధారణంగా డిస్కుపైనే ముద్రించి ఉంటుంది. అంతకన్నా అరిగినదానిని నునుపు చేయించి వాడరాదు. డిస్కులను, ప్యాడ్‌లను ఇరుపక్కలా జతగా మార్చాలి. హబ్బును శుభ్రం చేయించి, నట్లను ఎదురెదురు క్రమంలో టార్క్ రెంచితో బిగింపించాలి. ఈ పని జరగకపోతే కొత్త డిస్కుకూ కొద్ది కాలంలో అదే గతి పడుతుంది.

పల్లంలో జాగ్రత్త

కృష్ణగిరి వైపు దిగేటప్పుడు తక్కువ గేరులో నడపడం వలన ఇంజనే వేగాన్ని అదుపు చేస్తుంది, బ్రేకులు అతిగా వేడెక్కవు. కారును న్యూట్రల్‌లో దించడం ప్రమాదకరం.

ఎప్పుడు నడపరాదు

పెడలు మెత్తబడి లోపలికి దిగిపోయినా, బ్రేకు వేయగానే కారు ఒక పక్కకు గట్టిగా లాగినా, చక్రం వద్ద పొగ లేదా కాలిన వాసన వచ్చినా, టైరు ఉబ్బినా కారును సురక్షితమైన చోట ఆపి, మరొక వాహనంపై మరమ్మతుశాలకు చేర్పించాలి. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరాలకు ముగుస్తుంది. దానిని పునరుద్ధరించే ముందు జరిగే తనిఖీలో బ్రేకులను, స్టీరింగును కూడా చూస్తారు. అయితే బ్రేకు అదురు కనిపించినప్పుడు ఆ తనిఖీ వరకు వేచి ఉండడం క్షేమం కాదు.