పని మరచే విద్యార్థులు సోమరులు కారు

రాజమహేంద్రవరం: పాఠం తెలిసియున్నప్పటికీ పని మొదలుపెట్టలేకపోవడం, పుస్తకాలు మరచుట, గడువులోగా రాత పూర్తికాకపోవడం కొందరు విద్యార్థులలో కానవచ్చును. తరచూ దీనిని సోమరితనంగా పరిగణించి మందలించుచున్నారు. వాస్తవానికిది కార్యనిర్వహణ నైపుణ్యాల కొరత కావచ్చును.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో దీనికి ప్రత్యేక స్థానం లేదు. నిర్దిష్ట అభ్యసన వైకల్యం మాత్రం కలదు. దానిని సత్వరమే గుర్తించవలసిన బాధ్యతను 16వ సెక్షన్ విద్యాసంస్థలపై ఉంచినది. పరీక్షలలో అదనపు సమయానికి 17వ సెక్షన్ వీలు కల్పించినది. ధ్రువపత్రం లేని విద్యార్థికి ఈ వెసులుబాటు అందుట కష్టం. కావున అట్టివారికి తరగతి గదిలోని సాయమే ప్రధానాధారం.

పనిని చిన్న భాగాలుగా విడదీసి ఇవ్వవలెను. దినచర్యను బోర్డుపై రాసి ఉంచవలెను. వరదలకు బడులు మూతపడే గోదావరి లంక గ్రామాలలో, బడి తెరచిన తొలి వారం ఈ క్రమాన్ని మరల అలవాటు చేయించుట మరింత అవసరం. సందేహమున్నచో ఉపాధ్యాయులు, తల్లిదండ్రులు సమీప భవిత కేంద్రంలోని సహిత విద్య ఉపాధ్యాయులను సంప్రదించవచ్చును.